"మా నాన్న ఎక్కడున్నారు?" అని అడిగితే ఏం చెప్పాలి

ప్రశ్న: నాతో పనిచేసే ఒక స్నేహితురాలు కొన్ని వారాలుగా నాతో కలిసి యోహాను సువార్త చదువుతోంది. చదువుదామని తనే అడిగింది. మూడో అధ్యాయం చివర్లో దేవుని ఉగ్రత అన్న మాట దగ్గర ఆగిపోయి, "మా నాన్న యేసు గురించి ఏమీ వినకుండానే పోయారు. మీ నమ్మకం ప్రకారం ఆయన ఇప్పుడు నరకంలో ఉన్నారా?" అంది. నాకు నోట మాట రాలేదు. తర్వాత ఇంకొన్ని అడిగింది. ఒక్కడే దేవుడంటూ ముగ్గురి పేర్లు చెబుతారేంటి, ఒకరి తప్పుకు ఇంకొకరు చనిపోవడం న్యాయమా, దేవుడు కొందరినే ముందుగా ఎన్నుకున్నాడట నిజమేనా అని. మా సంఘంలో ఒక పెద్దాయన "అవన్నీ ఇప్పుడెందుకమ్మా, ప్రేమ గురించే చెప్పు, బాప్తిస్మం అయ్యాక నెమ్మదిగా తెలుసుకుంటుంది" అన్నారు. యూత్ లీడరేమో "ఉన్నదున్నట్టు చెప్పేసెయ్, లేకపోతే ఆమె రక్తం నీ మీద ఉంటుంది" అన్నాడు. ఈ టెన్షన్‌తో నాకు నిద్ర పట్టడం లేదు. మా పాస్టర్‌గారిని తీసుకెళ్లి ఆమెతో మాట్లాడించమంటారా? – ఒక సహోదరి

సమాధానం:

సహోదరీ, ప్రభువు నామంలో వందనాలు.

మీకు సలహా ఇచ్చిన ఇద్దరూ మీ స్నేహితురాలి మేలు కోరినవాళ్లే. అయినా ఆ రెండింటిలో ఏదీ పాటించవద్దనే చెబుతాను. ఆమె అడిగినదాన్ని దాచకండి. అడగనిదాన్ని ఆమె మీద కుమ్మరించకండి. లేఖనం ఎంతవరకు చెబితే అంతవరకు చెప్పండి, అది ఆగిన చోట మీరూ ఆగండి. కష్టమంతా ఈ ఆగడంలోనే ఉంది.

ముందు ఆ పెద్దాయన మాట చూద్దాం. తనను వెంబడించాలనుకున్నవాళ్లను ముందే ఖర్చు లెక్క చూసుకోమన్నాడు యేసు (లూకా 14:28). యోహాను ఆరో అధ్యాయంలో "ఈ మాట కఠినం, ఎవరు వినగలరు" అంటూ చాలామంది శిష్యులు వెనక్కి వెళ్లిపోయారు. వాళ్లను ఆపడానికి ఆయన ఆ మాటను మెత్తబరచలేదు. మిగిలిన పన్నెండుమందిని కూడా "మీరూ వెళ్లిపోతారా" అని అడిగాడు. తొలి శతాబ్దాల సంఘమూ ఇదే దారిలో నడిచింది. యెరూషలేములో సుమారు 350వ సంవత్సరంలో సిరిల్ అనే బోధకుడు బాప్తిస్మానికి సిద్ధపడుతున్నవాళ్లకు విశ్వాస ప్రమాణాన్ని ఒక్కో మాటా విడదీసి వివరించాడు. ఆ ప్రసంగాలు ఇప్పటికీ ఉన్నాయి. సిలువ, పునరుత్థానం, తీర్పు అన్నీ వాటిలో ఉన్నాయి. నీళ్లలోకి దిగేముందే ఒక మనిషికి తాను దేనికి ఒప్పుకుంటున్నాడో తెలియాలని వాళ్లు పట్టుబట్టారు.

తెలియకుండా తీసుకున్న నిర్ణయం ఆ మనిషి సొంత నిర్ణయం ఎలా అవుతుంది? రేపు మీ స్నేహితురాలికి ఇదంతా తర్వాత తెలిసి, "నేను అడిగినప్పుడు నీకు తెలుసు కదా, ఎందుకు మాట దాటేశావు?" అంటే ఏం చెబుతారు? అప్పుడామెకు తీర్పు మీద కంటే మీ మీద ఎక్కువ అనుమానం వస్తుంది. మీరు ప్రేమ గురించి చెప్పిన మాటలూ ఆ అనుమానంలోనే కొట్టుకుపోతాయి. మోసంతో నడుచుకోము, దేవుని వాక్యాన్ని వంచనగా వాడము అని పౌలు రాసింది (2 కొరింథీ 4:2) ఇలాంటి సందర్భాలకూ వర్తిస్తుంది.

ఇక యూత్ లీడర్ మాట. అతను ఎత్తిన రక్తాపరాధం మాట యెహెజ్కేలు 33వ అధ్యాయంలోది. ప్రమాదం చూసి కూడా హెచ్చరించని కావలివాడు చనిపోయినవాళ్ల రక్తానికి జవాబు చెప్పాలని అక్కడ ఉంది. అదే అధ్యాయం 11వ వచనంలో, దుష్టుడు చావడం వల్ల నాకు సంతోషం లేదు, అతడు మనసు తిప్పుకుని బ్రతకాలి అని దేవుడే అంటున్నాడు. కావలివాడి పని ప్రాణాలు నిలబెట్టడానికి. నా వంతు చెప్పేశాను, ఇక నా చేతులు శుభ్రం అనుకోవడానికి కాదు. భయంతో చెప్పే మాటకూ, ఎదుటి మనిషి బాగుండాలని చెప్పే మాటకూ తేడా వినేవాళ్లకు తెలిసిపోతుంది.

పౌలును చూడండి. అధిపతి ఫేలిక్సు పిలిపిస్తే నీతి, ఆశానిగ్రహం, రాబోయే తీర్పు గురించి సూటిగా మాట్లాడాడు. ఫేలిక్సు భయపడ్డాడు (అపొ. కార్యములు 24:25). అదే పౌలు ఏథెన్సులో వాళ్ల బలిపీఠం దగ్గర మొదలుపెట్టి, వాళ్ల కవుల మాటలు ఎత్తి, సృష్టికర్త గురించి చెప్పి, చివర్లో తీర్పు దగ్గరికి వచ్చాడు (17:31). రెండు చోట్లా తీర్పు ఉంది. అక్కడికి చేరిన దారి వేరు, ఎందుకంటే ఎదురుగా ఉన్న మనుషులు వేరు. మీకు చెప్పవలసినవి ఇంకా చాలా ఉన్నాయి, ఇప్పుడు మీరు భరించలేరు అని యేసు తన శిష్యులతోనే అన్నాడు (యోహాను 16:12). కాబట్టి సమయం చూసుకోవడం తప్పు కాదు. ఎదుటివాళ్లు సూటిగా అడిగినప్పుడు కూడా తప్పించుకుంటే మాత్రం దాన్ని దాచడమనే అంటారు. ఆమె అడిగింది కాబట్టి మీకు సమయం వచ్చినట్టే.

అయితే ఆమె అడిగింది నరకం గురించి కాదు. వాళ్ల నాన్నగారి గురించి. దీన్ని మీరు పట్టుకోకపోతే తర్వాత ఎంత సరిగ్గా చెప్పినా తప్పుగానే వినిపిస్తుంది. నరకం మీద పది వచనాలు సిద్ధం చేసుకుని వెళ్లకండి. ముందు ఆయన గురించి అడగండి. ఎలాంటి మనిషి, ఎప్పుడు పోయారు, ఎలా పోయారు, ఆమెను ఎలా చూసుకునేవారు అని అడిగి వినండి. యోబు స్నేహితులు ఏడు రోజులు అతని పక్కన నేల మీద మౌనంగా కూర్చున్నారు. నోరు తెరిచి అతని బాధకు కారణాలు చెప్పడం మొదలుపెట్టాకే చెడింది. చివరికి దేవుడు వాళ్లతో, మీరు నా గురించి సరైనది పలకలేదు అన్నాడు (యోబు 42:7). దేవుడి పక్షాన వాదిస్తూనే దేవుడి గురించి తప్పు చెప్పే వీలుందన్నమాట. నాకు ఈ వచనం ఎప్పుడూ భయం పుట్టిస్తుంది.

విన్నాక ఏం చెప్పాలి? రెండు సులువైన జవాబులు మీ నోటిదాకా వస్తాయి. ఒకటి, "అవును, యేసును నమ్మకపోతే అంతే కదా." రెండోది, "అబ్బే, మీ నాన్నగారు అంత మంచివారు, తప్పకుండా పరలోకంలోనే ఉంటారు." రెండూ వద్దు. రెండింటిలోనూ మీరు తీర్పు సింహాసనం మీద కూర్చుంటున్నారు. ఒకదాంట్లో శిక్ష వేస్తున్నారు, ఇంకోదాంట్లో విడుదల చేస్తున్నారు, అంతే తేడా. ఆ అధికారం మీకూ లేదు, నాకూ లేదు, మన పాస్టర్లకూ లేదు.

మీరు చెప్పగలిగింది ఇది. తీర్పు ఉందని మేము నమ్ముతాం, ఎందుకంటే దాని గురించి యేసే చెప్పాడు. రక్షణ ఆయన ద్వారానే అని నమ్ముతాం (అపొ. కార్యములు 4:12). ఆ తీర్పు తీర్చేది ఎవరో కాదు, యెరూషలేమును చూసి ఏడ్చిన ఆయనే (లూకా 19:41). తెలిసినవాడికీ తెలియనివాడికీ ఒకే లెక్క ఉండదని ఆయనే చెప్పాడు (లూకా 12:47-48). ధర్మశాస్త్రం లేనివాళ్ల మనస్సాక్షిని కూడా దేవుడు చూస్తాడని రోమా పత్రిక రెండో అధ్యాయం అంటోంది. సిలువ మీద ఆఖరి గంటల్లో ఒక దొంగ ఆయన వైపు తిరిగాడు. ఆ సంగతి మనకు తెలిసింది సువార్తలో రాసి ఉంది కాబట్టే. ఒక మనిషి ఆఖరి ఘడియల్లో అతనికీ దేవుడికీ మధ్య ఏం జరిగిందో పక్కనున్నవాళ్లకు కనబడదు. "సర్వలోకానికి తీర్పు తీర్చేవాడు న్యాయం చేయడా?" అని అబ్రాహాము దేవుణ్ణే అడిగాడు (ఆదికాండము 18:25). మీ స్నేహితురాలు కూడా అలా అడగవచ్చు. ఆ ప్రశ్న అవిశ్వాసం కాదని ఆమెకు చెప్పండి.

"మీ వాళ్లంతా ఒకే మాట మీద ఉన్నారా?" అని అడిగితే, లేరనే చెప్పండి. సువార్త వినని వాళ్ల సంగతి మీద క్రైస్తవులు మొదటినుంచీ వేర్వేరుగా ఆలోచించారు. రెండో శతాబ్దంలో జస్టిన్ అనే హతసాక్షి, క్రీస్తుకు ముందు సోక్రటీసు లాంటివాళ్లు కూడా దేవుని వాక్కును అనుసరించి బ్రతికారని రాశాడు. రోమన్ కాథలిక్ సంఘం 1964లో రెండో వాటికన్ మహాసభలో, తమ తప్పేమీ లేకుండా సువార్త తెలియనివాళ్లు నిజాయితీగా దేవుణ్ణి వెదికితే రక్షణ పొందవచ్చని ప్రకటించింది. చాలామంది ప్రొటెస్టెంట్లు దీన్ని ఒప్పుకోరు. విన్న సువార్తను నమ్మడం ద్వారానే రక్షణ అంటారు. నరకం ఎలాంటిది అన్నదాని మీదా తేడాలున్నాయి. అంతం లేని శిక్ష అన్నది సంఘ చరిత్రలో ఎక్కువమంది నమ్మిన బోధ. నేనూ లేఖనాన్ని అలాగే చదువుతాను. అయితే దుష్టులు చివరికి ఉనికే లేకుండా నశిస్తారని లేఖనం ఆధారంగానే వాదించేవాళ్లున్నారు. బ్రిటన్‌కు చెందిన సువార్తికుడు జాన్ స్టాట్ 1988లో, తేల్చి చెప్పకుండానే, ఆ వైపు మొగ్గు చూపారు. ఇవన్నీ ఆమెకు అప్పజెప్పమని నేను అనడం లేదు. మీ సంఘం చెప్పేదే క్రైస్తవులందరి మాట అన్నట్టు మాట్లాడకుండా ఉంటారని చెబుతున్నాను.

ఇంకొక్క సంగతి, నా దృష్టిలో ఇదే అన్నిటికంటే ముఖ్యం. తను క్రీస్తును నమ్మితే వాళ్ల నాన్నకు శిక్ష పడిందని సంతకం పెట్టినట్టే అవుతుందని ఆమె లోలోపల అనుకుంటూ ఉండవచ్చు. చాలామంది అక్కడే ఆగిపోతారు. అది మొండితనం కాదు, కూతురి ప్రేమ. నమ్మడానికి అలాంటి సంతకం ఎవరూ అడగరని ఆమెతో స్పష్టంగా చెప్పండి. ఆమె ముందున్న ప్రశ్న యేసు ఎవరు అన్నది. వాళ్ల నాన్నగారి సంగతి ఆ యేసు చేతుల్లో వదిలిపెట్టవచ్చు. దయచేసి ఆయన చావును ఆమెను తొందరపెట్టడానికి వాడకండి. "కనీసం నువ్వైనా తప్పించుకో" అనే మాట పొరపాటున కూడా రానివ్వకండి.

ఇక ముగ్గురు దేవుళ్ల సంగతి. ముందు సూటిగా చెప్పండి, ముగ్గురు దేవుళ్లున్నారని మేము నమ్మం. దేవుడు ఒక్కడే (ద్వితీయోపదేశకాండము 6:4). ఆ మాటను రోజూ పలుకుతూ పెరిగిన యూదులే యేసును ఆరాధించారు, తోమా ఆయన్ను "నా ప్రభువా, నా దేవా" అన్నాడు. వాళ్లు సూత్రం నేర్చుకుని ఆయన దగ్గరికి రాలేదు. ఆయనతో తిరిగారు, ఆయన తండ్రికి ప్రార్థన చేయడం చూశారు, ఆయన వాగ్దానం చేసిన ఆత్మను పొందారు. ఇవన్నీ కలిపి అబద్ధం లేకుండా చెప్పడానికి సంఘానికి వందల ఏళ్లు పట్టింది. మీ స్నేహితురాలికి ఒక్క మధ్యాహ్నంలో అర్థం కాకపోతే కంగారు పడకండి.

నీళ్లు, మంచు, ఆవిరి అనే ఉదాహరణ మాత్రం వాడకండి. ఒకే దేవుడు ఒక్కోసారి ఒక్కో రూపం మారుస్తాడన్న అర్థం దానివల్ల వస్తుంది. ఆ బోధను మూడో శతాబ్దంలోనే సబెల్లియస్ పేరుతో ముడిపెట్టి సంఘం తోసిపుచ్చింది. యేసు బాప్తిస్మం దగ్గర కుమారుడు నీళ్లలో ఉన్నాడు, ఆత్మ దిగి వస్తున్నాడు, తండ్రి స్వరం వినిపిస్తోంది, అన్నీ ఒకేసారి. ఉదాహరణ వెతికే బదులు ఆ భాగం (మత్తయి 3:16-17) చదివించండి. మీ చేతిలో ఉన్న యోహాను సువార్త కూడా దీనికి సాయపడుతుంది. వాక్యం దేవుని దగ్గర ఉంది, వాక్యమే దేవుడు అని దాని మొదటి వచనంలోనే ఉంది కదా.

నీకయ అనే ఊళ్లో 325లో జరిగిన సంఘ మహాసభలో అంత పెద్ద గొడవ ఎందుకు జరిగిందో చెబితే ఆమె మూడో ప్రశ్నకు కూడా దారి దొరుకుతుంది. కుమారుడు సృష్టించబడినవాడే అన్నాడు అరియస్ అనే బోధకుడు. అదే నిజమైతే సిలువ మీద ఉన్నది దేవుడు కాదు, దేవుడు పంపిన ఇంకెవరో. అప్పుడు మీ స్నేహితురాలి అభ్యంతరం నూటికి నూరుపాళ్లు సరైనది. ఒకరు చేసినదానికి సంబంధం లేని మూడో మనిషిని చంపడం న్యాయం కాదు. బైబిలే ఆ మాట అంటుంది. తండ్రి దోషాన్ని కుమారుడు మోయడని యెహెజ్కేలు 18:20లో ఉంది. కాబట్టి ఆమెతో వాదించకండి, "నువ్వన్నది నిజమే" అని ఒప్పుకోండి. ఆ తర్వాత, సిలువ మీద ఉన్నది బయటివాడు కాదని చెప్పండి. దేవుడు క్రీస్తులో ఉండి లోకాన్ని తనతో సమాధానపరచుకున్నాడు (2 కొరింథీ 5:19). నా ప్రాణాన్ని ఎవరూ తీసుకోవడం లేదు, నేనే పెడుతున్నాను అన్నాడు యేసు (యోహాను 10:18). అప్పు మాఫీ చేసినప్పుడు ఆ నష్టం ఎక్కడికీ పోదు, మాఫీ చేసినవాడి మీదే పడుతుంది. సిలువలో నష్టం భరించింది క్షమించిన దేవుడే.

మనవాళ్లు కొందరు ఈ విషయం ఎలా చెబుతారంటే, పైన కోపంతో ఊగిపోతున్న తండ్రి, మధ్యలో అడ్డం పడి దెబ్బలు తిన్న మంచి కుమారుడు. ఇది విన్నవాళ్లకు తండ్రి మీద ప్రేమ ఎలా పుడుతుంది? దేవుడు లోకాన్ని ఎంతో ప్రేమించి కుమారుణ్ణి ఇచ్చాడని మూడో అధ్యాయంలోనే కదా మీరిద్దరూ చదివారు. ప్రేమ మొదలైంది తండ్రి దగ్గరే. కుమారుడు మన కోసం సిలువ వేయబడ్డాడని విశ్వాస ప్రమాణం చెబుతుంది. అది ఎలా పనిచేసిందన్నదానికి ఒకే వివరణ ఇచ్చి మిగతావి కొట్టేయలేదు. శిక్ష భరించడం, మరణం మీద గెలుపు, బలి, విమోచన, ఇవన్నీ లేఖనంలో ఉన్నవే. ఏది ఆమెకు అందితే అక్కడ మొదలుపెట్టండి.

ఎన్నిక సంగతి మీద ఎక్కువ రాయను. ఎఫెసీ పత్రిక మొదటి అధ్యాయంలో పౌలు దాన్ని నమ్మినవాళ్లకు, దేవుణ్ణి స్తుతిస్తూ రాశాడు. బయటివాళ్లను జల్లెడ పట్టడానికి రాయలేదు. కానీ మీరు మరో మూడు అధ్యాయాలు చదివితే యోహాను 6:37 వస్తుంది. తండ్రి నాకిచ్చేవాళ్లంతా నా దగ్గరికి వస్తారు, నా దగ్గరికి వచ్చేవాణ్ణి నేను ఎంత మాత్రం తోసివేయను అని. మొదటి సగం గబగబా చదివి దాటించేయకండి. రెండో సగం ఆమె కోసమే ఉందని చెప్పండి. ఈ రెండు సగాలూ ఎలా కలుస్తాయన్న దగ్గర పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లండ్ బోధకులు జాన్ వెస్లీకీ జార్జ్ వైట్‌ఫీల్డ్‌కూ బహిరంగంగానే గొడవైంది. ఇద్దరూ జీవితమంతా సువార్త చెబుతూనే ఉన్నారు. 1770లో వైట్‌ఫీల్డ్ చనిపోతే లండన్‌లో ఆయన జ్ఞాపకార్థం ప్రసంగం చేసింది వెస్లీయే.

మాట్లాడే తీరు గురించి కొంచెం. పదిమంది మధ్య ఈ చర్చ పెట్టకండి, అక్కడ ఆమె తన నాన్న గురించి మనసు విప్పలేదు. వాదనల వీడియోలు పంపకండి, ఆమె అడిగింది మిమ్మల్ని. "నీకు ఇది ఇబ్బందిగా అనిపించదా?" అని ఆమె తప్పకుండా అడుగుతుంది. అనిపిస్తే అనిపిస్తుందనే చెప్పండి. పౌలు పత్రికల్లో అర్థం చేసుకోవడానికి కష్టమైనవి ఉన్నాయని పేతురే ఒప్పుకున్నాడు (2 పేతురు 3:16). అడిగేవాళ్లకు జవాబు చెప్పడానికి సిద్ధంగా ఉండండి, అది కూడా సాత్వికంతో అని రాసిందీ ఆయనే (1 పేతురు 3:15). అడిగేవాళ్లకు అన్న మాట గమనించండి. రేపు ఆమె "ఇక చాలు, నాకు వద్దు" అంటే ఆపేయండి. ఆ తర్వాత కూడా ఆమె మీ స్నేహితురాలే. చదవడం ఆపిందని మీ పలకరింపు తగ్గితే, ఇన్నాళ్లు మీరు చూపించింది ప్రేమేనా అని ఆమె అనుమానించడంలో తప్పుండదు.

పాస్టర్‌గారి సంగతి అడిగారు. ఆమెకు చెప్పకుండా తీసుకెళ్లకండి. నాన్న గురించి మీ ఒక్కరితో చెప్పుకున్న మాట ఇంకొకరికి చేరిందని తెలిస్తే నొచ్చుకుంటుంది. ముందు ఆమెనే అడగండి. వద్దంటే మీకొచ్చిన సందేహాలు మీరే వెళ్లి ఆయనను అడగండి, ఆమె పేరు, వివరాలు చెప్పకుండా. సరేనంటే ముగ్గురూ కలిసి కూర్చోండి, మాట్లాడటం ఆమెనే మొదలుపెట్టనివ్వండి. అకుల, ప్రిస్కిల్ల దంపతులు అపొల్లో అనే బోధకుణ్ణి పక్కకు తీసుకెళ్లి దేవుని మార్గాన్ని మరింత స్పష్టంగా వివరించారు (అపొ. కార్యములు 18:26), అందరి ముందూ సరిదిద్దలేదు. పాస్టర్‌గారికి కూడా ముందుగానే చెప్పండి, ఇది ప్రసంగం కాదు, ఈ అమ్మాయికి మొన్ననే నాన్న పోయినట్టుగా మాట్లాడాలి అని. ఈలోగా నాలుగో అధ్యాయం, సమరయ స్త్రీ దగ్గర మీ చదువు కొనసాగించండి. అందులో ఆమె వేసిన ప్రశ్నలకు యేసు ఎంత ఓపికగా జవాబిచ్చాడో ఇద్దరూ కలిసి చూడండి.